కడుపులోని సేద్యము : ప్రేగులలోని సూక్ష్మజీవులు - మన ఆరోగ్యము

గుంటూరు పేరు చెప్పగానే దేశములోని వారికి మిరపకాయ గుర్తుకు వచ్చును. ప్రకాశము పేరు చెప్పినచో ఒంగోలు గిత్తయు, నల్లరేగడిలో పండు శనగయు స్ఫురించును. కాలువ నీరు అందిన చోట వరి, అందని మెట్టనేలలలో ప్రత్తి, మిరప, పొగాకు - ఇది మన ప్రాంతపు వ్యవసాయము. ఏ పంట ఏ కార్తెలో వేయవలెనో, ఏ తెగులుకు ఏ మందు కొట్టవలెనో మన ఊళ్ళలో బడిపిల్లలును చెప్పగలరు. కాని ఆ రైతు కడుపులోను, ఆయన భార్యాబిడ్డల కడుపులలోను రాత్రింబవళ్ళు మరియొక సేద్యము సాగుచున్నదని చెప్పినచో నమ్మువారు అరుదు. ఆ సేద్యము చేయునవి కంటికి కానరాని బ్యాక్టీరియా. వానిని గురించి మన సోదర విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పవలెనని మా సంకల్పము.

బ్యాక్టీరియా అనగానే రోగము అని మనము చిన్ననాటి నుండి నేర్చుకొన్నాము. కలరా, టైఫాయిడ్, క్షయ - ఇవన్నియు వాని వలననే వచ్చును గనుక ఆ భయము నిష్కారణము కాదు. అయితే రోగము తెచ్చునవి వానిలో బహు కొద్ది. 2016వ సంవత్సరములో ఇజ్రాయెల్ దేశములోని వైజ్‌మన్ విజ్ఞాన సంస్థవారు వేసిన లెక్క ప్రకారము, డెబ్బది కిలోల బరువుగల మనుష్యుని దేహములో సుమారు 30 లక్షల కోట్ల కణములు ఉండగా, ఆ దేహములో కాపురముండు బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. మన కణములకు అవి పదిరెట్లని పూర్వము పుస్తకములలో వ్రాసెడివారు. ఆ లెక్క తప్పని ఇప్పుడు తేలినది. పదిరెట్లు కాకున్నను, మనలో మనకంటె వానిదే సంఖ్యాబలము. అన్నిటిని కలిపి తూచినచో మాత్రము రెండువందల గ్రాములకు మించవు.

ఇవి జీర్ణకోశమంతట సమముగా ఉండవు. జీర్ణాశయములోని ఘాటైన ఆమ్లమును తట్టుకొని నిలుచునవి కొద్ది. చిన్న ప్రేగులో ఆహారము వడిగా సాగిపోవును గనుక అచటను అవి పలుచనే. పెద్ద ప్రేగులోనే అసలైన జనసమ్మర్దము. అచటి మలములో గ్రామునకు దాదాపు పదివేల కోట్లు ఉండును. అచట ప్రాణవాయువు దాదాపు శూన్యము. ఆ గాలిలేని చోటనే బ్రతుకగల జాతులే అచట అధికము. 1885లో ఎషెరిక్ అను జర్మన్ వైద్యుడు పసిపిల్లల మలములో కనుగొన్న ఈ-కొలై బ్యాక్టీరియా పేరు మన అందరికి తెలిసినదే గాని, పెద్దవారి ప్రేగులో సాధారణముగా నూటికి ఒకటి పాలు కూడ దానికి ఉండదు. గాలి తగిలినను బ్రతుకును గనుక ప్రయోగశాలలో సులభముగా పెరిగినది. అందుచే దానికి అంత ప్రసిద్ధి!

ముందుగా మన మిరపకాయ సంగతి చూతము. కారము ఎక్కువ తిన్నచో కడుపులో పుండు పడునని మన పెద్దలే కాదు, చాలకాలము వైద్యులును చెప్పిరి. అల్సరు రోగికి చప్పిడి కూడు, పాలు, మానసిక విశ్రాంతి - ఇదియే పథ్యము. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను ఇద్దరు వైద్యులు ఈ అభిప్రాయమును తలక్రిందులు చేసిరి. రోగుల జీర్ణాశయపు పొరలో వంకర తిరిగిన ఒక బ్యాక్టీరియా ఉన్నట్లు వారెన్ సూక్ష్మదర్శినిలో చూచెను. దానిని ప్రయోగశాలలో పెంచుటకు ఎన్నిమార్లు యత్నించినను ఫలించలేదు. 1982లో ఈస్టరు సెలవుల మూలమున పాత్రలను రెండు దినములకు బదులు ఐదు దినములు అట్లే ఉంచివేయగా అది పెరిగినది. అది మిగిలినవానికంటె నెమ్మదిగా పెరుగు జాతి అని అప్పుడు తెలిసినది. లోకము నమ్మకపోవుటచే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా ద్రవమును తానే త్రాగి, కొద్ది దినములలో జీర్ణాశయపు వాపు తెచ్చుకొని నిరూపించెను. వారిరువురికి 2005లో నోబెల్ బహుమానము లభించినది. ఆ బ్యాక్టీరియాయే హెలికోబాక్టర్ పైలోరీ. యూరియేజ్ అను కిణ్వము సాయముతో అమ్మోనియాను తయారుచేసి, తన చుట్టునున్న ఆమ్లమును చల్లార్చుకొని అది జీవించును.

ఇక మిరపకాయ నేరమెంత? 1988లో అమెరికాలో కొందరు ఆరోగ్యవంతుల జీర్ణాశయములో నూరిన మిరపకాయను నేరుగా వేసి, గొట్టపు దర్శినితో చూచిరి. పుండు గాని, గాయము గాని కనుపించలేదు. మిరపలోని కాప్సైసిన్ అను పదార్థము దేహమును కాల్చదు. వేడిని తెలుపు నరముల కొసలను తట్టి, కాలుచున్నదను భ్రాంతి కలిగించును. ఆ నరములలోని గ్రాహకమును 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానము వచ్చినది. గుంటూరు మిర్చి యార్డులో అడుగిడినవారు తుమ్ములతో అనుభవించునది ఆ గ్రాహకపు మహిమయే. ఉన్న పుండుపై కారము పడినచో మంట పుట్టుట వాస్తవమే, అది తినకుండుట మేలే; కాని ఆ పుండును కారము పుట్టించలేదు. పుండ్లకు ముఖ్యకారణములు రెండు: ఒకటి పైన చెప్పిన బ్యాక్టీరియా, రెండవది నొప్పి తగ్గించు బిళ్ళలు. దినమంతయు నడుము వంచి మిరపకాయలు కోసిన కూలీలు రాత్రికి కిరాణా అంగడిలో కొని మ్రింగు బిళ్ళలను మనము ఎరుగుదుము. నింద మాత్రము కారమునకు వచ్చుచున్నది.

ఈ హెలికోబాక్టర్‌ను వైద్యుని పర్యవేక్షణలో, తగిన ఆంటీబయాటిక్ మందులతో, పూర్తి గడువు వాడి నిర్మూలించవలసినదే. అనగా కడుపులోని ప్రతి సూక్ష్మజీవియు మిత్రుడని మేము చెప్పబోవుట లేదు. ఏది ఎచట, ఎంత ఉన్నదను దానిపైననే అంతయు ఆధారపడి యున్నది.

పెద్ద ప్రేగులోనివి చేయు పని ఏమి? మనము తిను జొన్న, సజ్జ, కందిపప్పు, గోంగూర, వంకాయ మొదలగు వానిలోని పీచును అరిగించుకొను కిణ్వములు మన దేహములో లేవు. చిన్న ప్రేగు దాటి వచ్చిన ఆ పీచును బ్యాక్టీరియా పులియబెట్టి, ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అను చిన్న క్రొవ్వు ఆమ్లములుగా మార్చును. వీనిలో బ్యుటిరేట్ పెద్ద ప్రేగు గోడ కణములకు ముఖ్యాహారము. ఆ కణములు తమకు వలయు శక్తిలో అధికభాగమును రక్తము నుండి గాక, ప్రేగులోపలి నుండియే గ్రహించును. పీచు చాలనప్పుడు కొన్ని బ్యాక్టీరియా ప్రేగుగోడను కప్పియున్న జిగురు పొరనే తినివేయ మొదలిడును. పప్పు ఎక్కువ తిన్ననాడు కడుపుబ్బరము కలుగుటయు వీని పనియే. పప్పుధాన్యములలోని కొన్ని చక్కెరలు మనకు అరుగవు. వానిని బ్యాక్టీరియా విరుచునప్పుడు వాయువు పుట్టును. అది రోగము కాదు. మన అతిథులు భోజనము చేయుచున్నారని దాని అర్థము.

మన రోగనిరోధక వ్యవస్థకును ఇవి గురువులు. పుట్టుక నుండి సూక్ష్మజీవులు ఏమాత్రము సోకకుండ పెంచిన ప్రయోగశాల ఎలుకలలో ప్రేగుగోడలోని రక్షక కణములు సరిగా వృద్ధి చెందవు. విటమిన్-కె వంటి కొన్ని విటమిన్లను కూడ ఇవి తయారుచేయును. తల్లిపాలలో పసిబిడ్డ అరిగించుకొనలేని చక్కెరలు కొన్ని విశేషముగా ఉన్నవి. బిడ్డకు అరుగని వస్తువు పాలలో ఏల యున్నది? అవి బిడ్డ కొరకు కావు. బిడ్డ ప్రేగులోని బిఫిడో బ్యాక్టీరియా కొరకు. తల్లి ఒకే పాలతో బిడ్డను, బిడ్డ కడుపులోని కాపలాదారులను కూడ పోషించుచున్నదన్న మాట.

విటమిన్ల ప్రస్తావన వచ్చినది గనుక, తెలుగువారందరు తెలిసికొనదగిన చరిత్ర ఒకటి చెప్పవలసియున్నది. ప్రేగులలోని సూక్ష్మజీవులతోను, ఒక తెలుగు కుటుంబపు దుఃఖముతోను ముడిపడిన చరిత్ర అది.

మన పెద్దలు సంగ్రహణి అని చెప్పు వ్యాధి ఒకటి కలదు. ఆంగ్లేయ వైద్యులు దానికి స్ప్రూ అని పేరిడిరి. విడువని విరేచనములు, నోరు పూయుట, రక్తహీనత, దినదినము చిక్కిపోవుట దాని లక్షణములు. తిన్నది ఒంటబట్టదు. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు ఈ వ్యాధికే బలియైరి. ఆయన కూడ దాని బారినపడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొనిరి. మద్రాసులో వైద్యవిద్య ముగించి, 1923లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరము చేరిరి. హార్వర్డులో ఎన్నియో ఏండ్లు పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి పరిశోధనలకు నాయకత్వము వహించిరి.

ఇంతలో బొంబాయిలో మరియొక కథ నడచినది. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928 నుండి అచటి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించెను. ఈస్టు సారము పెట్టినచో ఆ రక్తహీనత తగ్గుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సారములో ఉన్నదేమో అప్పటికి తెలియదు. 1941లో పాలకూర ఆకులనుండి అట్టి పదార్థమును వేరుచేసి, ఆకు అను అర్థమిచ్చు లాటిన్ పదముతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. 1945లో సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు దానిని కృత్రిమముగా తయారుచేయగలిగిరి. స్ప్రూ రోగులకు దానిని ఈయగా రక్తము పట్టినది. అదే ప్రయోగశాలలో, సుబ్బారావుగారి ఆధ్వర్యమున, బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అను మందును తీసెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ తెగకు చెందిన మందులలో అదియే మొదటిది. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూసిరి.

తరువాతి కాలమున స్ప్రూకు స్థిరపడిన చికిత్స ఏది? ఫోలిక్ ఆమ్లము, దానితోపాటు టెట్రాసైక్లిన్. సోదరులను పొట్టన పెట్టుకొన్న వ్యాధికి విరుగుడైన రెండు మందులకును మూలము ఆయన నడిపిన ప్రయోగశాలయే.

టెట్రాసైక్లిన్ ఏల పనిచేయును? అచటనే మన విషయమున్నది. పెద్ద ప్రేగులో ఉండవలసిన తరగతి బ్యాక్టీరియా చిన్న ప్రేగులోనికి ఎగబ్రాకి, అచట దట్టముగా కాపురము పెట్టుట స్ప్రూలో కనుపించును. ఆహారసారమును పీల్చు సన్నని కేశముల వంటి చూషకములు దెబ్బతిని మొద్దుబారును. 1960 ప్రాంతమున వేలూరు చుట్టుప్రక్కల పల్లెలలో ఈ వ్యాధి ఊరూర వ్యాపించగా, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు దానిని శ్రద్ధగా పరిశోధించిరి. ఆ కళాశాలవారే 1980లో మరియొక చిత్రమును వెల్లడించిరి: ఆరోగ్యవంతులైన దక్షిణ భారతీయుల చిన్న ప్రేగులోని కొన్ని బ్యాక్టీరియా బి-12 విటమిన్‌ను తయారుచేయగలవట. చిన్న ప్రేగులో కొద్దిపాటి బ్యాక్టీరియా విటమిన్ చేయును. అదే చోట అవి మితిమీరినచో మనుష్యుడు శల్యావశిష్టుడగును. చరకుడు గ్రహణి రోగికి మజ్జిగను విశేషముగా విధించెను. జీర్ణకోశమే సర్వరోగములకు మూలమని యూనానీ హకీములును చెప్పుదురు. వారికి బ్యాక్టీరియా తెలియదు గాని, చూపు పడవలసిన చోటనే పడినది.

ఇపుడు మందుల సంగతి. ఇది చెప్పుటకు మన ప్రాంతమువారికి దూరదేశపు ఉపమానము అక్కరలేదు. మన ప్రత్తి చేలే చాలును.

1980వ దశకమున గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి విస్తారముగా వేసిరి. అప్పుడే సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చినవి. మొదట కొట్టినప్పుడు పురుగు టపటప రాలినది. రైతు సంతోషించి మరల కొట్టెను. ఆ మందు శనగపచ్చ పురుగునే గాక, దానిని తిను అక్షింతల పురుగులను, సాలీళ్ళను, పురుగు గ్రుడ్లపై బ్రతుకు బదనికలను కూడ చంపినది. పొలములో కాపలా పోయినది. చావగా మిగిలిన శనగపచ్చ పురుగు మందుకు లొంగని సంతతిని కన్నది. అంతకుముందు ఎవరును అంతగా పట్టించుకొనని తెల్లదోమ, శత్రువులు లేని చేలలో వెల్లువై విరుచుకుపడినది. ఒకే పైరుకు పదిహేను, ఇరువది సార్లు మందు కొట్టినను ఫలితము లేకపోయినది. 1987-88లో అప్పులు తీర్చు దారి కానక మన రెండు జిల్లాలలో ఎందరో ప్రత్తి రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ సంవత్సరమును ఈ ప్రాంతపు కుటుంబములు మరువజాలవు.

కడుపు పొలము కాదు. ఈ పోలికను మరీ సాగదీయరాదు. కాని మందు చేయు పనిలో తేడా స్వల్పము. అనేక జాతులను ఒక్కమారుగా చంపు ఆంటీబయాటిక్ బిళ్ళ, గొంతులోని రోగక్రిమిని వెదకుకొనుచు పోదు, దేహమంతట వ్యాపించును. ప్రేగులోని కాపలాదారులు కూడ చచ్చును. ఖాళీయైన స్థలములో, మందుకు చావని క్లాస్ట్రిడియం డిఫిసిలీ అను బ్యాక్టీరియా తెల్లదోమ వలెనే విజృంభించును. పెద్దాసుపత్రులలో ఆంటీబయాటిక్స్ వాడిన రోగులకు వచ్చు తీవ్రమైన విరేచనములకు ఇది కారణమని 1978లో తేలినది. దానికి మరల ఆంటీబయాటిక్ ఇచ్చినచో కొందరికి తగ్గును, కొందరికి తిరుగబెట్టును. 2013లో హాలెండు వైద్యులు ఒక విచిత్ర చికిత్సను పరీక్షించిరి: ఆరోగ్యవంతుని మలమును శుద్ధద్రవములో కలిపి, వడగట్టి, గొట్టము ద్వారా రోగి ప్రేగులోనికి పంపుట. పదునారుగురిలో పదముగ్గురు మొదటిమారుకే కోలుకొనిరి. ఆంటీబయాటిక్ మాత్రమే పుచ్చుకొన్న పదముగ్గురిలో స్వస్థులైనవారు నలుగురే. పాఠకులు ముక్కు మూసికొనవచ్చును. కాని పాడైన చేనికి మంచి చేని మట్టి తెచ్చి చల్లుట మన రైతుకు వింత కాదు.

మందు మానగానే పోయినవి తిరిగి వచ్చునా? 2018లో డెన్మార్కువారు పండ్రెండుగురు ఆరోగ్యవంతులకు మూడు బలమైన ఆంటీబయాటిక్స్‌ను నాలుగు దినములు ఇచ్చి, ఆరు నెలలు గమనించిరి. నెలన్నరలో ప్రేగు జనాభా చాలవరకు కోలుకొన్నది. కాని అందరిలో సాధారణముగా ఉండు జాతులు తొమ్మిది, ఆరు నెలల తరువాతను అత్యధికులలో కానరాలేదు. నాలుగు దినముల మందుకే ఇంత జరిగినది. మన ఊళ్ళలో జలుబుకు, దగ్గుకు, ఒళ్ళు నొప్పులకు కూడ ఆర్.ఎం.పి. డాక్టరు వద్ద సూది, మూడు రంగుల బిళ్ళలు తీసికొనుట అలవాటు. జలుబు వైరస్ వలన వచ్చును. ఆంటీబయాటిక్ దానిని తాకనైన తాకదు. రెండు దినములకు తగ్గగానే బిళ్ళలు మానివేసి, మిగిలినవి మరియొకరికి ఇచ్చుట ఇంకొక అలవాటు. మందుల అట్టలపై నిలువుగా కనుపించు ఎర్రగీత, వైద్యుని చీటీ లేకుండ కొనరాదని చెప్పు గుర్తు. 2016లో కేంద్ర ప్రభుత్వము దీనిపై ప్రచారము ప్రారంభించినది. ఆ గీతను చూడని వారెవ్వరును లేరు, దాని అర్థము తెలిసినవారు మాత్రము తక్కువ.

విచారింపదగిన విశేషము మరియొకటి. ఆరియోమైసిన్ కలిపిన మేత తిన్న కోడిపిల్లలు త్వరగా బరువెక్కుచున్నవని కనుగొన్నదియు లెడర్లీ శాస్త్రజ్ఞులే. 1950 నుండి ఆ పద్ధతి ప్రపంచమంతట ప్రాకినది. ప్రాణములు నిలుపుటకు పుట్టిన మందు కోళ్ళ మేతగా మారినది. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరుగుటకు ఇదియు ఒక కారణమని గుర్తించి, చివరి అస్త్రముగా దాచుకొనవలసిన కొలిస్టిన్ అను మందును కోళ్ళకు, పశువులకు, చేపలకు వాడరాదని 2019లో మన దేశము నిషేధించినది.

అట్లని టైఫాయిడ్ వచ్చిన బిడ్డకు ఆంటీబయాటిక్ ఇప్పించకుండ మజ్జిగ త్రాగించువారిని మేము మెచ్చుకొనము. అది ప్రాణములతో చెలగాటము. అవసరమైనచోట అది అమృతమే.

ఆంటీబయాటిక్ కంటె ముందు కావలసినది శుభ్రమైన నీరు. 2018 మార్చిలో గుంటూరు నగరములోని ఆనందపేట, ఆ చుట్టుప్రక్కల పేటలలో త్రాగునీటిలో మురుగు కలియుటచే అతిసారము ప్రబలి, పలువురు మరణించిరి. మన విద్యార్థులలో ఎందరికో ఆ పేటలు బంధువుల ఇండ్లున్న చోట్లే. బయటి నుండి వచ్చు క్రిమి కొద్దిపాటి అయినచో ప్రేగులోని బ్యాక్టీరియా చోటు ఈయక, ఆహారము చిక్కనీయక దానిని తరుమగలవు. బిందెడు మురుగునీటిని ఎదిరించు శక్తి వానికి లేదు. అట్టి వేళ ప్రాణము కాపాడునది ఉప్పు, చక్కెర కలిపిన నీరు. విరేచనములు ఎంత తీవ్రముగా నున్నను, చక్కెరతో జతపడి ఉప్పు, వానితోపాటు నీరు, ప్రేగుగోడ దాటి రక్తములోనికి పోగలవు. 1971 బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరములో డాక్టరు దిలీప్ మహలనబిస్ ఈ నీటితోనే వేలమందిని బ్రతికించెను. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోను ఓ.ఆర్.ఎస్. పొట్లములు దొరకును, ఒక పొట్లమును కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలుపవలెను.

ఇక మన వంటింటి మాట. పెరుగులోని బ్యాక్టీరియా ప్రేగులో స్థిరనివాసము ఏర్పరచుకొనునని పలువురి నమ్మకము. వానిలో అధికభాగము బాటసారులే. కొద్ది దినములలో వెడలిపోవును. అయినను పోవుచు పోవుచు మేలు చేసి పోవును. మనవారిలో పెద్దవారైన పిదప పాలు అరుగనివారు చాలమంది. పాలలోని చక్కెరను విరుచు కిణ్వము వారిలో తగ్గిపోవును. పెరుగులోని బ్యాక్టీరియా ఆ పనిని కొంతవరకు తామే చేయును గనుక, పాలు పడనివారికి పెరుగు పడును. రాత్రి మిగిలిన అన్నములో నీరు పోసి ఉదయము తిను చద్దన్నము, గంజి పులియబెట్టిన తరవాణి - ఇవియు అట్టివే. వండి చల్లారిన అన్నములో పిండిపదార్థము కొంత గట్టిపడి, చిన్న ప్రేగులో అరుగక పెద్ద ప్రేగు చేరి, అచటి బ్యాక్టీరియాకు ఆహారమగును. చద్దికూడు పేదవాని కూడని నవ్విన కాలము పోయి, పట్టణపు హోటళ్ళలో దానిని వెలకట్టి అమ్ము కాలము వచ్చినది! ఎండకాలములో శుభ్రముకాని నీటితో నిలువచేసిన చద్ది మాత్రము అతిసారమునకు తలుపు తీయును.

అంగళ్ళలో ప్రోబయోటిక్ అను పేరుతో సీసాలు, పొడులు వచ్చినవి. అన్నియు పనికిరానివని చెప్పలేము; అన్నియు పనిచేయునని అసలే చెప్పలేము. ఏ జాతి, ఏ రోగమునకు, ఎంత మోతాదు అనునది తేలినప్పుడే ఫలితము. అట్లు తేలినదొకటి మన పొరుగునే ఉన్నది. ఒడిశా పల్లెలలో 4,556 మంది నవజాత శిశువులపై జరిపి, 2017లో ప్రకటించిన పరీక్షలో, పుట్టిన తొలి దినములలో వారము రోజులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అను బ్యాక్టీరియాను, దానికి ఆహారమగు చక్కెరతో కలిపి కొందరికిచ్చిరి. రక్తము విషపూరితమగుట, మరణము, రెండును కలిపి చూడగా, ఈయనివారిలో నూటికి తొమ్మిది ఉండగా ఇచ్చినవారిలో అయిదున్నరకు లోపుగా తగ్గినవి. ఆ శిశువులు తల్లిపాలు త్రాగుచున్నవారేనని మరువరాదు.

ఢాకాలోని పరిశోధకులు మరియొక మార్గము పట్టిరి. తిండి చాలక చిక్కిన పిల్లల ప్రేగులలోని సూక్ష్మజీవుల సమాజము వయస్సుకు తగినట్లు ఎదుగక, పసిబిడ్డల దానివలెనే నిలిచిపోవునని వారు గమనించిరి. ఆ సమాజమును ఎదిగించు ఆహారము కొరకు వెదకి, శనగపిండి, వేరుశనగపిండి, సోయాపిండి, పచ్చి అరటికాయ కలిపి ఒక మిశ్రమము చేసిరి. 2021లో ప్రకటించిన ఫలితములలో, అప్పటివరకు వాడుకలోనున్న పోషక మిశ్రమముకంటె కేలరీలు తక్కువైనను, ఈ శనగపిండి మిశ్రమము తిన్న పిల్లలే మెరుగుగా ఎదిగిరి. ఆ శనగలు, ఆ వేరుశనగలు మన మెట్టనేలల పంటలే. మన అంగన్‌వాడీలలో వీనిని ఏ పాళ్ళలో కలిపి పెట్టవచ్చునో గృహవిజ్ఞాన, జీవశాస్త్ర విద్యార్థినులు ఆలోచింపదగును.

చివరకు మన ప్రయోగశాలలోనే చేయదగిన పని ఒకటి. పుల్లని మజ్జిగ చుక్కను గాజుపలకపై పలుచగా పూసి, ఆరబెట్టి, కొంచెము మిథిలీన్ బ్లూ రంగు వేసి, ఒక నిమిషమైన పిదప కడిగి, సూక్ష్మదర్శినిలో నూనె కటకము క్రింద చూడుడు. నీలిరంగు కడ్డీలును, పూసలదండ వలె వరుసగా అంటుకొన్న గుండ్రని చుక్కలును కనుపించును. కడ్డీలు లాక్టోబాసిల్లస్, పూసలు స్ట్రెప్టోకాకస్ జాతివి. ఉదయము అన్నములో కలుపుకొని తిన్నది వానినే.